మిరపకళ్లంలో గూఢచారి

ఆవకాయ కారానికని మా కోడలు తెప్పించిన ఎండుమిరపకాయల్ని చాటలో పోసుకుని, తొడిమలు గిల్లుతూ టీవీ ముందు కూర్చున్నాను. గింజల దుమ్ము ముక్కులోకి ఎక్కి మూడు తుమ్ములు వచ్చాయి, నాలుగోది సగంలో ఆగింది. ఎదురుగా తెర మీద ఒక గూఢచారి పరాయి దేశపు రేవుపట్నంలో గడియారాలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. ఇంటర్ చదివే మా మనవరాలు హారిక, అతన్ని శత్రువులకి పట్టించిన ద్రోహి ఎవరో కనిపెట్టే పనిలో ఉంది.

“ఎవరో నాకు తెలుసులేవే. అరవై ఏళ్ళ కిందటే తెలుసు. ఈ కథని మన జిల్లాలో మొట్టమొదట చెప్పింది నేనే,” అన్నాను.

“తాతయ్యా, కోతలు కొయ్యకు,” అంది హారిక, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

కోతలే. కాని కథ చెప్పిన మాట మాత్రం నిజం.

ప్రత్తిపాడుకి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. సంక్రాంతి వెళ్ళాక బండ్ల మీద పోయే పత్తి దారి పక్క తుమ్మకంపలకి చిక్కుకుని, ఊరంతా ఎవరో దూదేకి వదిలినట్టుండేది. పత్తి అయిపోతూండగానే మిరప ఎర్రబడేది. మాఘమాసం నుంచి మా కళ్లంలో కాయలు ఆరబోసేవాళ్ళు. పొద్దున మంచు తడికి ముదురు రంగులో ముడుచుకుని ఉన్న కాయలే మధ్యాహ్నానికి గలగలమనేవి, కాలితో తగిలితే గాజుల చప్పుడయ్యేది. ఆ ఘాటుకి కాకులు కూడా మా కళ్లం మీదుగా ఎగిరేవి కావు. (ఎగిరేవి. ఒకసారి నా నెత్తి మీద రెట్ట కూడా వేశాయి.) ఒంటిపూట బడులు పెట్టాక, అన్నం తిని నేను కళ్లానికి పోయేవాణ్ణి. తాటాకు పందిరి కింద రెండు వందల మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తూ, తాలుకాయలు వేరుచేస్తూ, నా కోసం ఎదురుచూసేవాళ్ళు.

రెండు వందలు కాదు, పద్దెనిమిది మంది. ఎదురుచూసింది నా కోసమూ కాదు, నా చేతిలోని పుస్తకం కోసం.

అట్ట లేని ఆ నవలని చీరాలలో ఉండే మా బాబాయి సంపాదించి తెచ్చి నాకిచ్చాడు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దించిన గూఢచారి కథ. రోజుకో అధ్యాయం గట్టిగా చదివేవాణ్ణి. సరిగ్గా తలుపు చప్పుడయ్యే చోట, తుపాకీ పైకి లేచే చోట పుస్తకం మూసి, గొంతు ఎండిపోయిందనేవాణ్ణి. వెంటనే ఎవరో ఒకరు మజ్జిగ ముంత అందించేవాళ్ళు. ఇప్పుడు టీవీ వాళ్ళు ఎపిసోడు చివర చేస్తున్న పని నేను కనిపెట్టిందే.

ఆ పద్దెనిమిది మందిలో దీనమ్మ ఒకతె. పాలెంలోని చర్చి దగ్గర ఇల్లు, పాతికేళ్ళు దాటిన మనిషి, మాట మిరపగింజలా ఉండేది. పదకొండేళ్ళ వాణ్ణి, నాకంటే అంత పెద్దదాన్ని ఏకవచనంతో పిలిచేవాణ్ణి. అప్పుడది తప్పని నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఆ గడియారాలాయనకి పెళ్ళాం లేదా అబ్బాయా? కూడెవరు వొండుతున్నారు?” అని అడిగేది.

“హోటల్లో తింటాడు.”

“అయితే దొరికిపోతాళ్ళే. హోటలోడికి తెలియని గుట్టుంటదా?”

అందరూ నవ్వేవాళ్ళు. ముక్కులకి కట్టుకున్న పైటచెంగులు నవ్వుకి ఊగేవి.

గడియారాలాయన అడ్రసు తెలిసినవాళ్ళు కథలో ముగ్గురే. అతన్ని పంపిన ఆఫీసరు, ప్రాణస్నేహితుడు, ఉతికిన బట్టల మూటలో రహస్యపు ఉత్తరాలు దాచి తెచ్చే ముసలమ్మ. ముగ్గురిలో ఒకరు ద్రోహి. ఎవరన్నది చివరి పదహారు పేజీల్లో ఉంది.

ఆ పదహారు పేజీలు నా దగ్గర లేవు. ఎలకలు కొట్టేశాయని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఎలకలకి ఏ పాపమూ తెలియదు. పుస్తకం చేతికొచ్చిన కొత్తలో, దాని విలువ తెలియని రోజుల్లో, రేగుపళ్ళ కాలంలో నేనే ఆ పేజీలు చింపి, ఉప్పూకారం పొట్లాలు కట్టి నాతో ఆడుకునే పిల్లలందరికీ పంచాను. దీనమ్మ కూతురు సరోజకీ ఒక పొట్లం ఇచ్చాను.

కథ చివరికొచ్చిన రోజుల్లోనే కళ్లంలో ఒక మిరపకాయల బస్తా కనపడకుండా పోయింది. ఆ సాయంత్రం నుంచి మా మేస్త్రి, ఇంటికి పోయే ఆడవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టి ఒడి దులిపించేవాడు. సత్తు గిన్నెలు మూత తీయించేవాడు. బస్తాడు కాయలు గిన్నెలో ఎట్టా పడతాయని దీనమ్మ ఒక్కతే అడిగింది. అతను ఆమె గిన్నె మూత ఇంకోసారి తీయించాడు.

మర్నాడు కథ ముగించాల్సిన రోజు. లేని పేజీల్ని ఉన్నట్టు చూస్తూ, ఎవరూ ఊహించని మలుపు కావాలనుకుని, “ద్రోహి ఆ ముసలమ్మే,” అన్నాను.

చేతులన్నీ ఆగిపోయాయి.

“ఎందుకంట?” అంది దీనమ్మ.

“బంగారు గొలుసు ఆశపెట్టారు.”

“అట్టాగని పుస్తకంలో రాసుందా?”

“ఉంది.”

ఆమె నా కళ్ళలోకి కాసేపు చూసి, మళ్ళీ తొడిమలు గిల్లడం మొదలుపెట్టింది. ఆ రోజు ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు. ఆ తర్వాత కథ చెప్పమని ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే బాబాయి నన్ను గుంటూరు తీసుకెళ్ళి అదే కథ ఇంగ్లీషు సినిమాగా చూపించాడు. సంభాషణలన్నీ నాకు అర్థమయ్యాయని ఊరంతా చెప్పాను. నిజానికి “యెస్”, “నో” తప్ప ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. అయినా ద్రోహి ఎవరో తెలియడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. తుపాకీ గురిపెట్టి నిలబడ్డవాడు ప్రాణస్నేహితుడు. విశ్రాంతిలో సోడా తాగుతూ బాబాయి, “ఒరేయ్, ఆ బస్తా నేనే వేసుకెళ్ళాన్రా చీరాలకి. మీ నాన్నకి చెప్పడం మర్చిపోయా,” అన్నాడు తేలిగ్గా.

నాన్నతో ఆయన చెప్పాడో లేదో నాకు తెలియదు. గేటు దగ్గర తనిఖీ మాత్రం కాయల పని ముగిసేదాకా, ఇంకో మూడు వారాలు నడిచింది. నేనొక్క మాట అంటే ఆగేది. అంటే బాబాయి దొంగ అవుతాడు, ఎక్కడ విన్నావంటే సినిమా దగ్గరని చెప్పి ముసలమ్మ సంగతి కూడా ఒప్పుకోవాలి, పేజీల సంగతీ బయటపడుతుంది. పందిరి గుంజకి ఆనుకుని, దీనమ్మ గిన్నె మూత తీయడం రోజూ చూశాను. మరుసటి ఏడు ఆమె మా కళ్లానికి రాలేదు.

హారిక ఆ పాత సినిమాని కూడా ఫోనులో వెతికి పట్టుకుంది. తాతా మనవరాళ్ళం రెండూ పోల్చుకుని చూశాం. సినిమా రెండు గంటల్లో పరిగెడుతుంది. గడియారాల కొట్టు రెప్పపాటు కనిపిస్తుంది, ముసలమ్మ రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ వీపే కనిపిస్తుంది. హీరో మాత్రం కోటు నలక్కుండా గోడలు దూకి, ఆఖరికి ఓడెక్కి తప్పించుకుంటాడు. టీవీది ఎనిమిది భాగాలు. స్ప్రింగు బిగించడానికే రెండు నిమిషాలు తీసుకుంటారు, టీ మరిగేదాకా కెమెరా కదలదు. “సినిమానే బెటర్ తాతయ్యా, ఇది లాగుతోంది,” అంది హారిక. నాకు మాత్రం టీవీదే మా కళ్లానికి దగ్గరగా అనిపించింది. రోజుకింత చెప్పి ఆపడం వల్ల, మధ్యలో ఆ మనుషులకి అన్నం ఎవరు వండుతున్నారో ఆలోచించుకునే తీరిక ఉంటుంది.

ఐదో భాగం మొత్తం ముసలమ్మదే. ఆమెకో పేరుంది, ఇల్లుంది, దగ్గే మొగుడున్నాడు. రేవు గేటు దగ్గర కాపలావాళ్ళు ఆమె బట్టల మూట విప్పించి, ఒక్కో గుడ్డా దులిపి నేల మీద పడేస్తారు. ఆమె వంగి ఏరుకుంటుంది. నేను చాట పక్కన పెట్టి లేచాను. కళ్ళలో కారం పడిందని చెప్పాను. హారిక నమ్మింది.

దీనమ్మ నల్లపాడులో కూతురి దగ్గర ఉంటోందని నాకు తెలియక కాదు. సరోజ టీచరుగా రిటైరయింది. హారికకి ఐదో తరగతిలో లెక్కలు చెప్పింది కూడా ఆవిడే. బడి దగ్గర కనపడినప్పుడల్లా నమస్కారం పెట్టి తప్పుకునేవాణ్ణి. ఎనిమిది భాగాలూ అయిపోయిన మర్నాడు మాత్రం హారికని స్కూటరు తీయమన్నాను.

దీనమ్మ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. తొంభైకి దగ్గర పడిన మనిషి. కళ్ళద్దాలు తాడుతో కట్టుకుంది, ఒళ్ళో పెద్దక్షరాల బైబిలు.

“కళ్లం అబ్బాయివి గదా,” అంది, నా బట్టతల చూసి.

“అవునండీ దీనమ్మగారూ.” ఆ ‘గారు’ నోట్లోంచి రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. “ఆ కథలో ముసలమ్మ ద్రోహి కాదండి. నేను అబద్ధం చెప్పాను. ఆ బస్తా కూడా మా బాబాయే తీసుకెళ్ళాడు. నాకు తెలిసీ నోరు మెదపలేదు.”

ఆమె అద్దాలు సర్దుకుంది. “బస్తా సంగతి ఇప్పుడే వింటన్నా. ముసల్దాని సంగతి నాకు అప్పుడే తెలుసు. మా సరోజ తెచ్చిన ఉప్పూకారం కాయితం చదివాగా. ‘ఆ వృద్ధురాలు చివరిదాకా నమ్మకం తప్పలేదు’ అని దాంట్లో ఉంది.”

ఆమెకి చదవడం వచ్చునని, ప్రతి ఆదివారం చర్చిలో వాక్యం చదివేదని, నాకు ఒక్కసారైనా తట్టలేదు.

“మరి అప్పుడే అడగలేదేంటండీ?”

“ఉందా అని అడిగాగా. ఉందన్నావు. రేపన్నా చెప్తాడులే అనుకున్నా. గేటు కాడ నువ్వు గుంజ పక్కన నిలబడేవోడివి. అప్పుడన్నా చెప్తావేమోనని నీ వంకే చూసేదాన్ని,” అంది.

సరోజ లోపలి నుంచి మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. వెనకాలే, వాళ్ళ ఆవకాయకి తెచ్చుకున్న మిరపకాయల చాట కూడా తెచ్చి మంచం మీద పెట్టింది.

మా కళ్లం ఇప్పుడు లేదు. అక్కడ ప్లాట్లు వేసి రాళ్ళు పాతారు. ఆ పందిరి లేదు, గేటూ లేదు, ఆ పద్దెనిమిది మందిలో మిగిలింది ఈమె ఒక్కతే. ఆమె ఒక కాయ తీసి తొడిమ గిల్లి, “ఆ ఒక్క కాయితమే నాకు దొరికింది. ఇంతకీ ఆ గడియారాలాయన బతికాడా, పోయాడా?” అంది.

ఏదో ఒకటి అల్లి చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“పుస్తకంలో ఏముందో నాకు తెలియదండీ. నేనే చింపేశాను. సినిమాలో బతికాడు, టీవీలో చనిపోయాడు.”

“అయితే రెండూ చెప్పు,” అంది దీనమ్మగారు, చాట నా వైపుకి జరుపుతూ. “చేతులు ఖాళీగా పెట్టుకోమాక.”