రద్దు నోటీసు వెళ్లిన పెళ్లిచూపులు

కోవిడ్ తగ్గి ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను మెసేజింగ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నాను. ఉద్యోగుల మెయిళ్లు, క్యాలెండర్లు సక్రమంగా నడిచేలా చూడడం ఆ పదవిలోని పని. అవి నడుస్తున్నంత కాలం మేమంటూ ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆఫీసు మెయిలూ సొంత మెయిలూ, రెండు క్యాలెండర్లూ ఒకే యాప్‌లో కనిపించే ఏర్పాటును ముందుగా పన్నెండు మంది పై అధికారులకు ఇచ్చి చూడమని ఆ వేసవిలో నాకు అప్పగించారు.

ఇది కావాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవారు మా డెలివరీ హెడ్ సుధాకర్ గారు. క్లయింటుకు చెప్పిన గడువులోగా పని పూర్తిచేయించే బాధ్యత ఆయనది. వాళ్లది బెంగళూరు కాటన్‌పేటలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. ఆయన ఒక్కరే కొట్టు వదిలి కంప్యూటర్ల వైపు వచ్చారు. నలభై ఆరేళ్లు, పెళ్లి కాలేదు. చొక్కా జేబులో ఒక ఫోను, ప్యాంటు జేబులో ఇంకొకటి. ఒకటి మోగితే రెండోది తీసి "హలో" అనేవారు. క్యాలెండర్‌లో లేని పని లోకంలోనే లేదని ఆయన నమ్మకం. మీటింగు పిలుపు అందిన పది నిమిషాల్లో వస్తామనో రామనో చెప్పకపోతే జట్టులోని వాళ్లకు క్లాసు పీకేవారు.

యాప్‌లో ఆఫీసు సమాచారం విడిగా, తాళం వేసినట్టుగా ఉంటుంది. ఉద్యోగి మానేస్తే ఆ భాగాన్ని మాత్రమే తుడిచేస్తాం. సొంత మెయిలు మాకు కనబడదు. తెర మీద మాత్రం రెండు క్యాలెండర్లూ కలిసే ఉంటాయి, ఆఫీసుది నీలం, సొంతది ఆకుపచ్చ. కొత్తగా ఏది రాసినా, మనం మార్చకపోతే నీలంలోకే వెళ్తుంది. భద్రత కోసమని అలా పెట్టింది నేనే. ఈ సంగతంతా రెండు పేజీల్లో రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాను. సుధాకర్ గారు సంతకం పెట్టారు. చదవలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆయన జట్టులోని ఎనభై మందికీ, విదేశంలో ఉండే క్లయింటు మేనేజరుకూ ఒక మీటింగు పిలుపు వచ్చింది. "ఆదివారం పదకొండు గంటలకు, దొడ్డబళ్ళాపురం. రేణుక గారిని చూడడం." దాని కింద ఆయన తన కోసం రాసుకున్న గమనిక: "తెల్ల చొక్కా వద్దు. తక్కువ మాట్లాడాలి."

అక్కా బావా ఉన్న 'సుధా ఫ్యామిలీ' గ్రూపుకూ, రేణుక గారి అన్నయ్యకూ పంపాలని ఆయన అనుకున్నారు. పిలుపు నీలంలో పడడంతో 'సుధా' అని కొట్టగానే యాప్ ఆఫీసు జాబితానే ముందు చూపించింది, ఆయన దాన్నే నొక్కారు. అది 'సుధా టీమ్', క్లయింటు మేనేజరు కూడా ఉన్న జట్టు జాబితా. అన్నయ్య అడ్రసు మాత్రం సరిగ్గానే పడింది.

ఆయన నేర్పిన క్రమశిక్షణ ఊరికే పోలేదు. పది నిమిషాల్లో ముప్పై మంది వస్తామని జవాబిచ్చారు. క్లయింటు మేనేజరు అజెండా పంపమన్నాడు, తాను వీడియోలో చేరవచ్చా అని అడిగాడు. ఒక టెస్టింగ్ ఇంజనీరమ్మాయి, తెల్లది కాకపోతే ఏ రంగు చొక్కా వేసుకోవాలో తెలపమని వినయంగా రాసింది.

సుధాకర్ గారు నన్ను క్యాబిన్‌కు పిలిపించారు. ఎప్పుడూ మేడమ్ అనే మనిషి ఆ రోజు, "అక్కా, నా మానం పోతా ఉండాది, ఏమన్నా చెయ్యండి" అన్నారు. ఏదీ నొక్కవద్దన్నాను. అప్పటికే నొక్కేశానన్నారు. మీటింగును రద్దు చేసేశారు.

అసలు చిక్కు వచ్చింది అక్కడే. రద్దు చేస్తే పిలుపు మాయమైపోదు. పిలిచిన ప్రతి ఒక్కరికీ రద్దయిందని నోటీసు వెళ్తుంది. ఎనభై మందికి అది వినోదం. రేణుక గారి ఊరు దొడ్డబళ్ళాపురంలో మాత్రం, ఈ సంబంధం వద్దనుకున్నామన్న కబురు. ఆ మాట చెప్పగానే ఆయన కుర్చీలో కూలబడ్డారు. రేణుక గారితో ఫోనులో ఒకే ఒక్కసారి మాట్లాడానని, మూడు వారాలుగా ఈ ఆదివారం కోసమే చూస్తున్నానని తల వంచుకుని చెప్పారు. అంతవరకూ ఆపుకుంటున్న నవ్వు నాకు ఇక రాలేదు.

ఆఫీసు మెయిల్‌బాక్సుల్లోంచి ఒక మెయిలును తీసేసే వీలు నాకుంది, కానీ సమాచార భద్రతాధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. ఫారంలో 'కారణం' దగ్గర సుధాకర్ గారు 'పెళ్లి' అని రాశారు. కొట్టివేయించి 'పొరపాటున వేరే జాబితాకు పంపినందున' అని రాయించాను. నలభై నిమిషాల్లో పిలుపూ రద్దూ రెండూ జట్టు మెయిల్‌బాక్సుల్లోంచి పోయాయి. బుర్రల్లోంచి తీసే ఏర్పాటు మా దగ్గర లేదు. కంపెనీ దాటి బయటికి వెళ్లిన మెయిలునూ మేమేమీ చేయలేం.

ఆ అన్నయ్యకు ఆయన వివరణ రాయడం మొదలుపెట్టారు. 'మూలకారణం', 'దిద్దుబాటు చర్య' అని శీర్షికలు కూడా పెట్టారు. అది ఆపించి, ఫోను చెయ్యమన్నాను. ఎత్తింది రేణుక గారే. అన్నాచెల్లెళ్లది చీరల నేత వ్యాపారం. అన్నయ్య మగ్గాల షెడ్డులో ఉంటే మెయిళ్లూ ఫోన్లూ చూసేది ఆవిడేనట. కాన్ఫరెన్సు కాల్స్ అలవాటు కొద్దీ సుధాకర్ గారు స్పీకరు నొక్కారు.

"రద్దని వచ్చింది, కారణం రాయలేదు," అన్నారావిడ. "తక్కువ మాట్లాడాలని రాసుకున్నారు కదా, అసలుకే మాట్లాడేది వద్దనుకున్నారేమో అనుకుంటిని."

"లేదండీ, ఆదివారం ఉండాది. నేను వస్తాను. ఆ రద్దు ఆఫీసోళ్ళకి, మీకు కాదు."

"అట్లయితే రాండి. ఆఫీసోళ్ళనంతా తోడుకొని రావద్దండప్పా, మా ఇంట్లో ఉండేది ఆరు కుర్చీలే."

ఆయన నవ్వి స్పీకరు ఆపారు. నేను బయటికి వచ్చేశాను. ఇరవై నిమిషాల తర్వాత అద్దంలోంచి చూస్తే ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

ఆదివారం వెళ్లారు. సోమవారం జట్టు ముందు నిలబడి సంగతి తానే ఒక్క వాక్యంలో చెప్పి, చొక్కా రంగు గురించి అడిగినవారికి కృతజ్ఞతలు తెలిపారు. శ్రావణ మాసంలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయింది. దానికి జట్టునంతా కావాలనే పిలిచారు.

జరిగిన దాంట్లో నా వంతు తప్పును నివేదికలో రాశాను. కొత్త పని ఏ క్యాలెండర్‌లోకి వెళ్లాలో యాప్ ప్రతిసారీ అడిగేలా మార్చాను. రెండు పేజీల నోటును మూడు వాక్యాలకు కుదించాను. ఆఫీసునూ ఇంటినీ ఒకే యాప్‌లో పెట్టుకోవడంలో తప్పు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. నేను నేర్చుకున్నది వేరే సంగతి: పంపినదాన్ని వెనక్కి తీసుకోవడం కూడా మళ్లీ పంపడమే, అదీ అందరికీ అందుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేళ్లూ, తప్పు జరిగిందని ఎవరు ఫోను చేసినా ముందు ఒక్కటే అడిగేదాన్ని: దాన్ని దిద్దడానికి ఇప్పటికే ఏమేం నొక్కారు?