కర్రకు బెదిరిన కుక్క, మా అత్తగారి మడి

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పెరుగు పోసే ఆవిడ. అరవైల చివర, నేను అరసవల్లిలో అత్తవారింటికి కాపురానికి వచ్చిన కొత్త. ఆ రోజు ఆవిడ తలమీద కుండ దించకుండానే గుమ్మంలో నిలబడి, "అమ్మా, తోటకాడ పాడునూతిలో కుక్క పడిపోనాది. నిన్నట్నుంచి ఒకటే ఏడుపు. సూసినోలు సూసి పోతన్నారు గానీ తీసినోలు లేరు," అంది.

మావారు ఇంటి దగ్గర పిల్లలకు ఫిడేలు నేర్పేవారు. పాఠం మధ్యలో ఆపి, మా నూతి చేంతాడు విప్పి భుజాన వేసుకుని బయల్దేరారు. గంపలో పెరుగన్నం పెట్టి నూతిలోకి దించితే కుక్క మూల నుంచి కదలలేదట. పైనున్న మనుషులు తలో సలహా అరుస్తూ ఉంటే అది ఇంకా ముడుచుకుపోయిందట. చివరికి పెరుగావిడ అందర్నీ దూరంగా తోలేసి, నోళ్ళు మూసుకోమంది. కాసేపటికి తాడు బరువెక్కింది. మెల్లిగా చేదితే, గంపలో అన్నంతో పాటు కుక్కా వచ్చింది.

మావారు దాన్ని ఇంటికి తెస్తే మా అత్తగారు గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డారు. ఆవిడకు మడి అంటే ప్రాణం. కుక్కను చూసి కాదు, ముందు చేంతాడును చూసి బాధపడ్డారు. దేవుడి నీళ్ళు తోడుకునే తాడుతో కుక్కను తోడతారా అని కొడుకును నిలదీసి, కొత్త తాడు వచ్చేదాకా నూతి గట్టు ఎక్కనివ్వలేదు. కుక్క నడుం మీద దెబ్బలు చూశాక మాత్రం కాస్త మెత్తబడ్డారు. పుళ్ళు మానేదాకా పెరట్లో పశువులశాల పక్కన ఉండనిమ్మన్నారు. పసుపు నూరి ఇచ్చింది కూడా ఆవిడే, దూరం నుంచి.

పుళ్ళు మానాయి. దాని భయం మానలేదు. నూతిలో పడకముందు దాన్ని ఎవరు కొట్టారో, ఎక్కడ కొట్టారో మాకు తెలియదు. పొడుగ్గా ఉన్నది ఏది చేతిలో లేచినా అది పరుగే. గొడుగు తీస్తే పరుగు, చీపురు తీస్తే పరుగు. మావారు ఫిడేలు కమాను ఎత్తితే చాలు, గోడవార నక్కేది.

"నీ వాయింపు దానికీ తెలిసిపోయిందిరా," అని అత్తగారు కొడుకును ఆటపట్టించేవారు.

దానికి పేరు పెట్టలేదు. అత్తగారు నన్ను పిలిచినట్టే దాన్నీ "ఒసే" అనేవారు. ఆవిడ "ఒసే" అంటే ఇద్దరం తలెత్తేవాళ్ళం. పని నాదైతే నేను వెళ్ళేదాన్ని, అన్నం దానిదైతే అది వెళ్ళేది. అది నా చీర కుచ్చిళ్ళ వెంట తిరుగుతుంటే, కొత్త ఇంట్లో నాకంటూ ఒక తోడు దొరికిందని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

చిక్కు మడి దగ్గర వచ్చింది. మడి అంటే తెలియని పిల్లలకు చెబుతున్నాను. తడిపి పిండిన చీరను ఎవరి చెయ్యీ అందకుండా వెనక వసారా కప్పుకు వేలాడే దండెం మీద కర్రతో ఆరేస్తారు. మర్నాడు స్నానం చేసి, మళ్ళీ ఆ కర్రతోనే దించి కట్టుకుని వంట చేస్తారు. మధ్యలో ఏది తగిలినా ఆ చీర మడికి పనికిరాదు.

మాఘమాసంలో ఆదివారాలు అత్తగారు వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి, సూర్యుడు పైకి వచ్చే వేళకు పరమాన్నం నివేదన చేసేవారు. అలాంటి ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడ కర్ర ఎత్తి చీర దించుతున్నారు. పెరట్లోంచి వస్తున్న కుక్క ఆ కర్రను చూసింది. బెదిరి గుడ్డిగా ఆవిడ కాళ్ళ మధ్యనుంచే దూరింది. సగం దిగిన చీర దాని మీద పడింది. మడిచీర చుట్టుకుని అది పెరడంతా పరుగులు తీసింది.

ఆవిడ మళ్ళీ స్నానం చేసి, వేరే చీర తడిపి కట్టుకునే సరికి సూర్యుడు కొబ్బరి మట్టలు దాటి పైకెక్కాడు, నివేదన వేళ తప్పింది. అత్తగారు అరవలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "వచ్చే ఆదివారం దాకా చూస్తానే. మళ్ళీ ఇలాగే అయితే పెరుగావిడతో వాళ్ళ ఊరు పంపించెయ్యి. స్వామి దగ్గర నా వేళ తప్పకూడదు," అన్నారు.

అందులో కోపం లేదు కనకనే నాకు భయం వేసింది. పెరుగావిడ మంచిదే. కానీ పల్లెలో పశువులు కాసేవాళ్ళ చేతిలో కర్ర లేని పూట ఉండదు. అక్కడ ఈ కుక్క బతకదు. ఆ వారమంతా దండెం కర్రను నేల మీద పడుకోబెట్టి, పక్కన అన్నం పెట్టి అలవాటు చేయబోయాను. అన్నం కాకులు తిన్నాయి. కట్టేద్దామంటే తాడు పడగానే గిలగిల్లాడిపోయి కొరికేసేది. ఇక మొక్కులేమీ మొక్కలేదు. ఇది అత్తగారి చేతిలో ఉంది, ఆవిడ నీ చేతిలో ఉన్నారు స్వామీ అనుకున్నాను, అంతే.

ఆదివారం వచ్చింది. పశువులశాల మూల కుక్కను ఒళ్ళో అదిమి పట్టుకుని కూర్చున్నాను. అత్తగారు నూతి దగ్గర్నుంచి నీళ్ళోడుతూ వచ్చి కర్ర అందుకున్నారు. కుక్క వణుకు నా పక్కటెముకలకు తెలుస్తోంది. భయానికి నా చీర తడిపేసింది. అత్తగారు కర్ర ఎత్తబోయి ఆగారు. మా ఇద్దరి వంకా చాలాసేపు చూశారు. తర్వాత చప్పుడు కాకుండా కర్రను గోడకు ఆనించి, ఒంటిమీద తడిచీరతోనే వెళ్ళి పిడకలు రాజేశారు.

చలిగా ఉంది, తడిబట్టతో ఎలాగని నేను అంటే, "తడిమడిని మించిన మడి ఏవుందే," అన్నారు.

ఆ రోజుతో దండెం తీయించేశారు. కర్ర చిక్కుడు పాదుకు ఊతంగా పోయింది. అప్పటినుంచి రోజూ నూతి దగ్గర స్నానం, ఆ నీళ్ళోడే చీరతోనే వంట. వీధిలో ఆవిడ నిష్ఠ పెరిగిందని చెప్పుకున్నారు. పెద్ద ముత్తయిదువులు వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళారు. ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. చలికి దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం పెట్టి ఇస్తే తాగేవారు గానీ, ఆరిన చీర మాట ఎత్తనిచ్చేవారు కాదు.

ఇది నిష్ఠేనా, కుక్క కోసమా అని అప్పటికి నాకూ అనుమానమే తప్ప రూఢిగా తెలియదు. ఒకరోజు పొయ్యి దగ్గర ఉండగా వెనక వసారాలో ఆవిడ గొంతు వినిపించింది. తొంగి చూశాను. కుక్క పెరట్లోంచి వసారా మెట్టు ఎక్కడానికి జంకుతోంది. అత్తగారు రెండు చేతులూ చాచి, అరచేతులు తిప్పి చూపిస్తున్నారు.

"కర్ర లేదే. చూడు. రా."

అది వచ్చింది. మడి దానికి ఎవరు నేర్పారో, ఆవిడను తాకకుండా కాస్త ఇవతలే ఆగి, చీర అంచునుంచి నీళ్ళ చుక్కలు పడేచోట పడుకుంది. ఆవిడ అక్కడినుంచి కదలలేదు. నేను వెనక్కి వచ్చేశాను. చూశానని ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కుక్క మా పెరట్లోనే ముసలిదై కన్నుమూసింది. అత్తగారు ఉన్నన్నాళ్ళూ తడిమడే. మా వాళ్ళందరూ ఈనాటికీ ఆవిడ నిష్ఠను కథలుగా చెబుతారు. అదీ అబద్ధం కాదు. కానీ ఆ తడి ఎవరికోసమో తెలిసినది నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలిసింది. పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టుకునే అలవాటున్న వాళ్ళెవరైనా ఇది చదివితే, ఆ చేతులతోనే మా అత్తగారిని కూడా ఒక్కసారి తలుచుకోండి.