బీరపువ్వు చేతుల జాకెట్టు

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, గుడ్డకు కంట్రోలు ఉండేది. బుట్ట చేతుల జాకెట్టు మీద ఆడపిల్లలందరికీ మోజే గాని, అంత గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? దానికి నరసరావుపేటలో మా పక్కింటి అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. సాయిబుల అమ్మాయి. భర్త పోయాక చేతిమిషను పెట్టుకుని, వీధిలో వాళ్ల జాకెట్లు కుట్టి తల్లిని పోషించుకునేది. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలను మడిచి, లోపలి నుంచి సూదితో సన్నని కుట్లు వేసి, చేతి అంచున అప్పుడే విచ్చుకుంటున్న బీరపువ్వులా నిలబెట్టేది. ఏ మడత దేని కింద ఉందో పైకి తెలిసేది కాదు. మొదటిది నాకే కుట్టింది. ఇక ఆ ఏడు పెళ్లిళ్లకు అందరూ ఆ పువ్వే కావాలన్నారు.

మా మేనత్తను ఊళ్లోనే ఇచ్చారు. మామయ్యకు బజారులో బట్టల కొట్టు, కొట్టు అరుగు మీద ఇద్దరు దర్జీలు. అత్తయ్య నా జాకెట్టు చూసి మురిసిపోయి, తనకూ ఒకటి కుట్టించుకుంది. అక్క కుట్టుకూలి ముట్టలేదు. "మా వీధి ఆడపడుచు దగ్గర కూలేంది అక్కా!" అంది.

నెల తిరక్కుండానే మామయ్య కొట్టు ముందు తాడు మీద వరసగా బీరపువ్వు చేతుల జాకెట్లు వేలాడాయి. అక్కడ కుట్టినవే దొరుకుతున్నాయని, అక్కకు గుడ్డ ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక్కి పట్టుకుపోయారు. పెళ్లిళ్ల కుట్టుపని మీదే ఆమెకు వానాకాలం గడవాలి. అయినా అత్తయ్యను అనుమానించలేదు. "ఎవరో చూసి కుట్టుంటార్లే పెద్దమ్మా" అంది మా నాయనమ్మతో.

ఆ వారంలోనే అత్తయ్య ఆ జాకెట్టు వేసుకుని మా ఇంటికి వచ్చింది. అక్క ఆమె చేయి పట్టుకుని అంచు తిరగేసింది. తను వేసిన సూదికుట్లు లేవు. వాటి పాత చిల్లులున్నాయి, పక్కనే మిషను కుట్టు ఉంది.

"విప్పేశారా అక్కా?" అంది.

"విప్పకపోతే మడతలు ఎట్టా తెలుస్తయ్యే? పువ్వు మీద నీ పేరేమన్నా రాసుందా ఏంది?" అని నవ్వేసింది అత్తయ్య.

అక్క ఆమె చేయి వదిలేసింది. అడిగుంటే ఆ మడతలు తనే నేర్పేదాన్నని తర్వాత నాయనమ్మ దగ్గర చానాసేపు ఏడ్చింది.

మా ఇళ్లలో అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడే ఆచారం లేదు. అటువంటిది మర్నాడు నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయి ఆ కొట్టు ముందు నిలబడింది. జాకెట్లు ఎంచుకుంటున్న ఆడవాళ్లతో, "అమ్మాయ్, ఈ పువ్వు మా పక్కింటి పిల్ల కనిపెట్టింది. నా కూతురు దాన్ని విప్పి ఈళ్లకిచ్చింది" అంది. మామయ్య గజంబద్ద కింద పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

"కన్నకూతురి పరువు తీస్తన్నావేందే అమ్మా!" అని లోపలి నుంచి అత్తయ్య అరిచింది.

"ఎవరిదో చెప్తన్నా. అంతే."

ఇద్దరు ముగ్గురు కొనకుండా వెళ్లారు. మిగిలినవాళ్లు కొనుక్కున్నారు. అక్క ఆ పువ్వు మళ్లీ కుట్టలేదు. ఎంత బతిమాలినా, "విప్పుకుపోయింది నా దగ్గర లేదమ్మా" అనేది. అన్నీ సాదా చేతులే కుట్టింది. అత్తయ్య మా గడప తొక్కడానికి ఏళ్లు పట్టింది.

ఈ వయసులోనూ నా గోంగూర పచ్చడిని ఎవరైనా మెచ్చుకుంటే, అందులో మెంతులు వేయించి కలపడం నాకు ఏ పిన్నమ్మ నేర్పిందో ముందు చెబుతాను. ఆ తర్వాతే గిన్నె ముందుకు జరుపుతాను. చెప్పకుండా పెడితే నాకే ముద్ద దిగదు.