సుద్దముక్క ఆయన చేతిలో పెట్టాను

మా కాలనీ క్లబ్బులో ఈత కొలను నీళ్లు చూసుకునేది నేనే. ఈమధ్యే కొలనుకు కొత్త ప్లాస్టరింగ్ చేశారు. కొత్త ప్లాస్టరు నీళ్లలోకి సున్నం వదులుతుంది. కొన్ని వారాలపాటు రోజూ గోడలు బ్రష్షుతో రుద్ది, కొలిచి కొంచెం కొంచెంగా యాసిడ్ కలిపితేనే నీళ్లు దారికొస్తాయి. అందుకే గేటు పక్క బోర్డు మీద "నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంది, దిగరాదు" అని రాశాను.

నిన్న క్లబ్బు సెక్రటరీ దాన్ని అందరి ముందు నా చేతనే తుడిపించాడు. "నీళ్లు అద్దంలా ఉన్నాయి, రేపే తెరుస్తున్నాం. నాకు నేర్పుతావా?" అన్నాడు.

ఈ రోజు పొద్దున మొదట దూకింది ఆయనే. కాసేపటికే కళ్లు మిరపపండ్లలా చేసుకుని పైకొచ్చాడు.

"ఏం కలిపావయ్యా ఇందులో?"

"నేనేం కలపలే సార్, గవి నిన్నటి నీళ్లే," అని సుద్దముక్క ఆయన చేతిలో పెట్టాను. "బోర్డు మీద మల్ల మీరే రాయుండ్రి."

తడి చెడ్డీతో నిలబడి, అందరూ చూస్తుండగా, నా వాక్యమే రాశాడు.

ఆయన చేతిరాత ఉన్న ఆ బోర్డు తుడిచే డ్యూటీ నాదే. ఎప్పుడు తుడవమంటారో మీరే చెప్పండి. నాకైతే ఈ ఏడాది తీరిక దొరికేలా లేదు.