గంగమణి నీళ్ల గోలీ

కంఠేశ్వర్‌లో గంగమణి బీడీల చాట ముందు కూర్చుందంటే ఇల్లు అంటుకున్నా లేవదని వాడంతా చెప్పుకుంటారు. పదమూడో ఏట పట్టిన చాట అది. అరవై దాటాక గుండె బలహీనపడి, కాళ్లు ఉబ్బి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చినా, తునికాకు కత్తిరించనిదే ఆమెకు పొద్దుపోదు.

అలాంటి మనిషి చాట మీదే కునికిపాట్లు పడుతోంది. రాత్రయితే మాత్రం కంటిమీద కునుకు లేదు. బీఎస్సీ చదివిన కోడలు పుష్పలతకు గుబులు పట్టుకుంది. పక్కలో ఏడు నెలల పాప. పాప కదిలిందా, అత్త దగ్గిందా అని వింటూ ఆమె కూడా నిద్ర మానేసింది. గుండె ఇంకా పాడైందేమో, మళ్లీ చేర్పించాలేమోనని అత్తను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవమ్మా?" అడిగాడు డాక్టరు.

"ఆరేడు సార్లయితది సారూ."

"దమ్ము ఆడకనా?"

"దమ్ముకేమైంది? బాత్రూంకు."

డాక్టరు రాయడం ఆపాడు. "ఒంట్ల నీళ్లు తీసే గోలీ ఎప్పుడు ఏస్కుంటున్నవ్?"

"పొద్దున్నే సార్. డబ్బా మీద నేనే రాసిపెట్టిన" అంది పుష్పలత.

గంగమణి గోడ మీది క్యాలెండరు చూడసాగింది.

"అత్తమ్మా?"

"పండుకునే ముందట ఏస్కుంటున్న. పొద్దుగాల ఏస్కుంటే గడియకోపారి ఉరకాలె. చాట ఇడిసి ఎన్నిసార్లు లేస్త? పక్కన బీడీలు చుట్టే ఈరవ్వ నవ్వుతది. రాత్రయితే నాకేం పనున్నది?"

"నిద్ర" అన్నాడు డాక్టరు. "రేపటి సంది లేవంగనే ఏస్కో. పదకొండింటికల్లా దాని జోరు తగ్గుతది, అప్పుడు చాట ముందట కూసో. తల కింద రెండు దిండ్లు పెట్టుకో."

"అందాక ఏం జెయ్యాలె?"

"మనుమరాలిని ఎత్తుకో."

"అది గూడ గడియకోపారి తడుపుతది సారూ. ఇద్దరిదీ ఒకటే తీరు."

మూడో రాత్రి పుష్పలతకు ఉలిక్కిపడి మెలకువ వచ్చింది. దగ్గు లేదు, తలుపు చప్పుడు లేదు. అత్త ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగిలినట్టే అనిపించలేదు. భుజం పట్టి కుదిపేసింది.

"అత్తమ్మా! అత్తమ్మా! నిద్రపోతున్నరా?"

గంగమణి కళ్లు తెరిచింది.

"పోతుంటి పిల్లా, పోతుంటి! నెల దినాలకు ఇయ్యాల పట్టింది. బీఎస్సీల గిదే నేర్పిండ్రా?"

ఆ అరుపుకు పాప లేచి రాగం అందుకుంది. గంగమణి అటు తిరిగి దుప్పటి ముసుగేసింది.

"లేపినవ్‌గా, నువ్వే పండవెట్టుకో."

మరుక్షణమే గురక వినిపించింది. పాపను భుజాన వేసుకుని, పుష్పలత ఆ గురకే వింటూ నిలబడింది.