కెప్టెన్ ఎస్తేరు గారి పేరు

మా ఊరి నుంచి సైన్యానికి వెళ్ళినవారి పేర్లు పంచాయతీ ఆఫీసు ముందు నల్లరాతి మీద చెక్కించారు. అందులో కెప్టెన్ ఎస్తేరు గారి పేరు లేదు. మరిచిపోయారని మొదట్లో అనుకున్నాను.

నెలకోసారి షుగరు పరీక్షకు శ్రీకాకుళం వెళ్తాను. అక్కడి ల్యాబులో పిల్ల నా వేలికి స్పిరిటు దూది రాస్తుంది. ఆ వాసన తగలగానే, సూది గుచ్చకముందే నా పెదాలు కదలడం మొదలవుతుంది. ఎదురుగా గోడ మీద ఏది ఉంటే అది చదివేస్తాను, మందుల కంపెనీ క్యాలెండరో, చెప్పులు బయట విడవమన్న బోర్డో. "ఏటి తాతా, మంత్రాలా?" అని ఆ పిల్ల నవ్వుతుంది. మంత్రాలు కావు, అలవాటు. ఆ అలవాటు ఎస్తేరు గారు చేసింది.

ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను ఆమదాలవలస రైసుమిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. ఒకరోజు పేర్చిన బస్తాలు జారి నా ఎడమ పాదం మీద పడ్డాయి. ఆసుపత్రిలో కట్టు కట్టి పంపారు గాని, వారం తిరిగేసరికి చీము పట్టింది. మిలటరీ ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చిన నర్సమ్మ ఒకావిడ చర్చి వీధిలో ఉందని విని మా అమ్మ నన్ను అక్కడికి నడిపించుకు వెళ్ళింది. మా ఇళ్ళవాళ్ళు పని పడితే తప్ప ఆ వీధిలోకి వెళ్ళేవారు కారు. ఆరోజు పని పడింది. ఎస్తేరు గారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల చీర, రవికకు పిన్నుతో తలకిందులుగా వేలాడే గడియారం. నన్ను వరండాలో కూర్చోబెట్టి, కట్టు విప్పే ముందు ఆవిడ నా చేతిలో ఒక దినపత్రిక పెట్టారు.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అక్షరాలు గుర్తున్నాయి గాని, మాట మాటకీ కూడబలుక్కోవాలి. ఆ సంగతే చెప్పాను.

"కాలు సూడకు, కాయితం సూడు. నొప్పెట్టినపుడు కేకెయ్యకు, ఇంకా గట్టిగా సదువు" అన్నారు.

నేను మాట తట్టక ఆగితే ఆవిడా ఆగేవారు. కత్తెర గాలిలో అలాగే ఉండేది. సాయంత్రం దాకా ఇలాగే కూర్చుందామా అని అడిగేవారు. పుండు మానడానికి నెలన్నర పట్టింది. అప్పటికి నేను పత్రిక మొదటి పేజీ ఎక్కడా ఆగకుండా చదవగలిగాను. ఆ తరువాత ఈ యాభై ఏళ్ళలో నేను చదివినదీ రాసినదీ అంతా ఆ వరండాలో మొదలైందే.

కాలు బాగయ్యాక కూడా వెళ్తుండేవాణ్ణి. పాత పత్రికలు నాకోసం కట్టకట్టి ఉంచేవారు. ఒకసారి రేకుపెట్టె తెరిచి తన యూనిఫారం చూపించారు. భుజాల మీద మూడేసి నక్షత్రాలు. యుద్ధంలో సరిహద్దు దగ్గర డేరా ఆసుపత్రిలో పనిచేశారట. మన శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు, రెండు కాళ్ళూ పోయినవాడు, స్పృహ వచ్చినప్పుడల్లా భావనపాడు సముద్రం గురించి మాట్లాడేవాడట. అతని మాట అక్కడ ఇంకెవరికీ అర్థం కాక ఆవిడే పక్కన కూర్చుని ఊకొట్టేవారట. తరువాత అతనేమయ్యాడో చెప్పలేదు. నేను అడగవలసిన మాట అడగక, మీ చేతిలో తుపాకీ లేదు గదా, భయం వేయలేదా అన్నాను.

"తుపాకీ ఉన్నాదా లేదా అని సూసుకుని బాంబు పడదురా" అన్నారు, యూనిఫారం మడత పెడుతూ.

అప్పలనాయుడు మా మేనత్త కొడుకు. అప్పటికి సైన్యంలో హవల్దారు. సెలవుకు వచ్చి, తల్లికి ఇంజక్షన్ చేయాలని పిలవడానికి యూనిఫారంలోనే ఆవిడ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అతడు మెట్టు ఎక్కలేదు. వీధిలోనే నిలబడి, "ఏయ్ నర్సమ్మా, మాయమ్మకి సూది వెయ్యాల, వస్తావా?" అన్నాడు.

ఆవిడ చేతులు కడుక్కుంటూ నవ్వారు. "వస్తాను నాయనా. ఊళ్ళో నర్సమ్మనే. అదే యూనిట్లోనయితే కెప్టెన్ని. నువ్వు ముందు సెల్యూట్ కొట్టి, తరవాత మాటాడాల."

సరదాకే అన్నారు. నేనూ నవ్వాను. అప్పలనాయుడు నవ్వలేదు. ఆవిడ మాత్రం వాళ్ళమ్మకు వారం రోజులు వెళ్ళి సూది వేసి వచ్చారు.

ఎస్తేరు గారు పెళ్ళి చేసుకోలేదు. ముసలితనంలో ఆ ఇంట్లోనే పోయారు. మా ఊళ్ళో మాజీ సైనికుడు పోతే తోటివారంతా మెడల్స్ పెట్టుకుని వస్తారు, జెండా కప్పుతారు. ఆవిడ సమాధి దగ్గర పాస్టరు గారు, చర్చి వీధివాళ్ళు, నేను ఉన్నాం. మెడల్ పెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. కబురు చెప్పడానికి నేనే ఇల్లిల్లూ తిరిగాను కాబట్టి తెలియలేదని ఎవరూ అనలేరు.

ఆ తరువాత కొన్నేళ్ళకు రాయి లేచింది. కమిటీ పెద్ద అప్పలనాయుడే. సుబేదారుగా రిటైరై వచ్చాడు. పేర్లు హోదా వరుసలో చెక్కించారు, అన్నిటికన్నా పైన అతని పేరు. వివరాల కోసం ఇంటింటికీ మనిషిని పంపి, మీ ఇంట్లో మిలటరీకి వెళ్ళిన మగాళ్ళెవరని అడిగించారట. చర్చి వీధికి ఆ మనిషి వెళ్ళనేలేదు. నేను తిన్నగా అతని ఇంటికి వెళ్ళాను.

"ఆవిడేటి యుద్ధం సేసిందిరా గవర్రాజూ, కట్లు కట్టింది గానీ" అన్నాడు.

"రాతి మీద సివరి ఇద్దరూ సైన్యంలో వంట సేసినోళ్ళు బావా. ఆళ్ళ పేర్లు సెక్కించినావు. మంచి పనే సేసినావు. మరి ఈవిడకేటి అడ్డం?"

అతడు కోడలిని పిలిచి నాకు టీ ఇమ్మన్నాడు. నేను తాగకుండా వచ్చేశాను.

కేకలు వేయడం నాకు చేతకాక కాదు. కాని ఆవిడ నేర్పిన పద్ధతి వేరు. ఇంటికి వచ్చి కాగితం తీశాను. కమిటీకి, పంచాయతీకి, జిల్లా కచేరీకి రాశాను. సుబేదారు కంటే కెప్టెన్ పెద్ద హోదా అని, ఆవిడ సర్వీసు కాగితాలు పాస్టరు గారి దగ్గర భద్రంగా ఉన్నాయని రాశాను. నాలుగేళ్ళు రాశాను. ఇప్పుడు వేళ్ళు వణుకుతాయి, ఒక ఉత్తరానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ ఆ వరండాలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

పోయిన నెల జవాబు వచ్చింది. కచేరీ నుంచి కాదు, మూడు వీధుల అవతలున్న అప్పలనాయుడి నుంచి, పోస్టులో. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"గవర్రాజుకి, నీ ఉత్తరాలన్నీ అందినవి. పేర్లు రాసి ఇచ్చింది నేనే. మర్చిపోలేదు. ఆమెది కెప్టెన్ హోదా. రాస్తే అందరికన్నా పైన రాయాలి, నేను కిందకి దిగాలి. రోజూ ఆ రాయి ముందు నుంచే నడుస్తాను. అది నేను చూడలేను. నన్ను ఏమన్నా అనుకో. చెక్కేవాడి చేత నా పేరు పైన ఒక పేరుకి సరిపడా జాగా వదిలించాను. ఇన్నిసార్లు చూశావు, నీకు అది కనపడలేదు. నేను పోయాక చెక్కించుకో. కమిటీకి కూడా రాసి ఇచ్చాను. అంతవరకు ఇంక రాయకు."