నీళ్ళు ఇంకా తేటపడలేదు

డ్రైవరుగారి చేతికి ఏ వస్తువు ఇచ్చినా సరే, ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటారు, రెండు వేళ్ళతో నలిపి చూస్తారు, ఆ తర్వాత ఒకే ఒక్క మాట అడుగుతారు: "దీంట్లోంచి వడగడితే నీళ్ళెలా వస్తాయంటావ్?" అది గుడ్డ కావచ్చు, గిన్నెలు తోమే పీచు కావచ్చు, ఇంటికొచ్చిన చుట్టం విప్పి పక్కన పెట్టిన చలికోటు కావచ్చు. లోకంలో ఉన్న సామానంతా ఆయన లెక్కలో రెండే రకాలు. చేపల తొట్టి ఫిల్టర్లో పెట్టదగ్గది ఒకటి, పెట్టకూడనిది రెండోది. ఆ చలికోటు చుట్టం మాత్రం మళ్ళీ వాళ్ళింటి గడప తొక్కలేదు.

ఆ తొట్టి ముందుగదిలో కిటికీ పక్కన ఉంటుంది. అందులో కొన్ని బంగారు చేపలు, వాటి మీద పెత్తనం చేస్తూ ఓ బొద్దు ఎర్రచేప. తొట్టికి ఎదురుగా కుర్చీలో డ్రైవరుగారి అత్తగారు. ఆవిడ కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నప్పటి నుంచీ పొద్దస్తమానం ఆ చేపలతోనే కాలక్షేపం. పక్క గదిలో కుట్టుమిషను, దాని వెనక డ్రైవరుగారి భార్య. వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. ఆ టైలరమ్మకు కొంతకాలంగా కంటికి కునుకు లేదు.

ఎందుకంటే, తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒకసారి పక్కింటావిడ అది ఖాళీ తొట్టి అనుకుని చేతిసంచీ అందులో పెట్టబోయింది. అంత తేటగా ఉన్నాయి. డ్రైవరుగారు మాత్రం రోజూ డ్యూటీ దిగి రాగానే చెప్పులు విడిచి, అత్తగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తొట్టి వైపు చూస్తూ ఆవిడతో ఏదో గుసగుసలాడి, నిట్టూర్చి లేచేవారు. "లాభం లేదే. నీళ్ళు ఇంకా మసగ్గానే ఉన్నాయి." అని, మర్నాడు ఫిల్టర్లో ఇంకో రకం సరుకు పెట్టేవారు.

మొదట గరుకు స్పాంజి పెట్టారు. తర్వాత మెత్తటి స్పాంజి. దాని పైన తెల్లటి దూది పొర, కింద పింగాణీ రింగులు. తర్వాత బొగ్గు గుళికలు తెచ్చారు. వాటిని కడిగి పెట్టాలని షాపాయన చిలక్కి చెప్పినట్టు చెప్పినా, ఆ తొందరలో ఎవరికి గుర్తుంటుంది? గంటలో తొట్టి మొత్తం సిరాబుడ్డి అయి కూర్చుంది. టైలరమ్మ లబోదిబోమంది. డ్రైవరుగారు చేతులు కట్టుకుని నిలబడి, పోనీలే, ఇప్పుడు నిజంగా మసగ్గా ఉన్నాయని ఎవరైనా ఒప్పుకుంటారని తృప్తిపడ్డారు.

షాపు సరుకు చాలనప్పుడు ఇంట్లో సరుకు మీద పడేవారు. బొంతలో కూరడానికి తెచ్చిన దూది తరిగిపోయింది. భుజాలకు కుట్టే స్పాంజి మెత్తలు మాయమయ్యాయి. ఒక పెద్దమనిషి కోటు ట్రయలు చూసుకోవడానికి వస్తే, కోటు ఉంది, లోపలి లైనింగు లేదు. టైలరమ్మకు అది ఎక్కడుందో చూడకుండానే తెలుసు. ఆ పెద్దమనిషి చేపల్ని చూస్తూ ఉండగానే ఎర్రచేప వెనకాల తన లైనింగు నీళ్ళలో ఊగుతూ కనిపించింది. అప్పటి నుంచి ఆయన ప్యాంట్లు కూడా వేరే చోటే కుట్టించుకుంటున్నాడు.

ఇదంతా చెప్పి వీధివాళ్ళు పడీపడీ నవ్వుకునేవారు. టైలరమ్మకు నవ్వు రాలేదు. ఆవిడ గుండెల్లో రాయి పడింది. అందరికీ తేటగా కనిపించే నీళ్ళు ఒక్క మనిషికి మసగ్గా కనిపిస్తున్నాయంటే తప్పు నీళ్ళది కాదు, ఆ మనిషి కళ్ళది. ఆ మనిషి పొద్దున్నా సాయంత్రం బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని తిప్పేవాడు. ఆ ఆలోచన రాగానే ఆవిడ కాళ్ళు మిషను తొక్కడం మానేశాయి. పైగా డిపోలో డ్రైవర్లకు కంటి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అక్కడ తేలితే ఉద్యోగం పోతుంది. తేలకపోతే, దేవుడా, ఎవరి ప్రాణాలు పోతాయో. ఈ రెంటిలో ఏది కోరుకోవాలో కూడా ఆవిడకు తెలియలేదు.

మొగుణ్ణి సూటిగా అడిగే ధైర్యం లేక తనే పరీక్షలు మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కించి ఇమ్మంది. ఒక్క విసురులో ఎక్కించి ఇచ్చారు. గుడ్డి అదృష్టమేమో అని ఇంకా సన్నసూది ఇచ్చింది. అదీ ఎక్కించారు. దగ్గరి చూపు బాగానే ఉంది, పోయింది దూరపు చూపేనని నిర్ధారించుకుని, మరింత బెంగపెట్టుకుంది. ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలేమిటో చెప్పమంది. పరాయివాళ్ళ బట్టల గురించి నన్నడుగుతావేమిటే, బాగుండదు అని ఆయన సిగ్గుపడి తల తిప్పుకున్నారు. దాంతో అనుమానం ఇంకా గట్టిపడింది.

ఒకరోజు పని మానుకుని ఆయన బస్సే ఎక్కింది. సరిగ్గా సీటు వెనక నిలబడి దారి పొడుగునా చెవిలో జోరీగలా పోరు పెట్టింది. ఏమండీ గొయ్యి, ఏమండీ సైకిలు, ఏమండీ ఆ ముసలాయన దాటేలా ఉన్నాడు. ఆయన చాలాసేపు ఓర్చుకున్నారు. చివరికి ఎర్ర లైటు దగ్గర బండాపి, వెనక్కి తిరక్కుండానే, "నేను దిగుతా, నువ్వు నడుపు" అన్నారు. బస్సంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళొత్తుకుంది.

ఆ సాయంత్రమే డ్రైవరుగారు చేపల షాపు నుంచి తెల్లటి గులకల సంచీ ఒకటి తెచ్చి ఫిల్టర్లో పోశారు. స్టూలు వేసుకుని అత్తగారి పక్కన కూర్చుని, "అత్తయ్యా, షాపులో ఇదే ఆఖరి రకం. ఇంక లేవట" అన్నారు. అత్తగారి మొహం చిన్నబోయింది. పక్క గదిలోంచి చూసిన టైలరమ్మ, పాపం అమ్మకు కూడా ఈ గొడవతో విసుగెత్తిపోయిందనుకుంది.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ కొంగు బిగించింది. నీళ్ళు తేటగా ఉన్నాయా లేదా అన్న రగడే లేకుండా తను స్వయంగా శుభ్రం చేస్తుంది. ఇంక వాటికి వంక పెట్టడానికి వీల్లేదు. అప్పుడు కూడా ఆయన మసక అన్నారంటే చెయ్యి పట్టుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోతుంది. ఫిల్టర్లోంచి స్పాంజీలు, రింగులు, గులకలు అన్నీ బయటికి తీసింది. ఒక్కోటి గోధుమరంగు జిగురు పట్టి ఉంది. ఛీ, ఇంత కంపు పెట్టుకుని నీళ్ళు బాగాలేవంటారేమిటి అని, మరిగే నీళ్ళు పోసి, బ్రష్షు పెట్టి, నడుం పడిపోయేదాకా తోమింది. రింగులు కొత్త గాజుల్లా తయారయ్యాయి. తొట్టిలో నీళ్ళు కూడా సగానికి పైగా మార్చేసింది. తల్లి కుర్చీలోంచి ఆ చప్పుళ్ళన్నీ విని, ఎందుకమ్మా ఇంత కష్టం అంది గానీ వద్దనలేదు.

ఆ రాత్రికి బాగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి నీళ్ళకు ఏదో పొగ కమ్మినట్టయింది. సాయంత్రానికి తొట్టి మొత్తం పాలు కలిపినట్టు తెల్లగా మారిపోయింది. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తూ మూస్తూ గాలికోసం కొట్టుకుంటున్నాయి.  సరిగ్గా అప్పుడే డ్రైవరుగారు లోపలికి వచ్చారు. తొట్టిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏం చేశావే?"

ఆవిడ దాచకుండా చెప్పేసింది. ఆయన నెత్తి పట్టుకున్నారు. ఆ జిగురులోనే కంటికి కనపడని జీవాలుంటాయట, చేపల మలినాన్నంతా అవే తిని నీళ్ళు బాగుచేస్తాయట, తను మరిగే నీళ్ళు పోసి వాటన్నిటినీ ఉడకబెట్టేసిందట. తొట్టిలోంచే తీసిన నీళ్ళలో ఒకసారి ముంచి పిండితే చాలట. ఆయన గాలి పంపు పూర్తిగా తిప్పి, పట్టి ఉంచిన బకెట్టు నీళ్ళు అందుకుంటూ ఇదంతా చెబుతూ ఉంటే, టైలరమ్మకు ఒక పక్క చేపలు పోతాయని భయం, ఇంకో పక్క ఆయనకు నీళ్ళు తెల్లగా ఉన్నట్టు కనిపిస్తోందంటే కళ్ళు బాగున్నట్టా కాదా అన్న అయోమయం.

ఆ గందరగోళంలో కుర్చీలోంచి తల్లి గొంతు సవరించుకుంది. ఏదో బాగా ఆలోచించి పెట్టుకున్న మాట చెప్పబోయే వాలకం.

"బాబూ, నీకో మాట చెప్పాలి. ఇవాళ నీళ్ళు చక్కగా తేటపడ్డాయి. ఎర్రచేప పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు. నా కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఇంక మన ఒప్పందం చెల్లు."

డ్రైవరుగారి చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది. ఆయన భార్య వైపు చూశారు. చెప్పకే అని బతిమాలే చూపు అది. టైలరమ్మ తెల్లటి నీళ్ళ వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ఈమధ్య నల్లదారం అడిగితే అమ్మ నీలం దారం అందిస్తోంది. పరధ్యానం అనుకుంది తను.

"అమ్మా, ఎర్రచేప ఎక్కడుందో చూపించు."

ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా ఓ మూలకు వేలు పెట్టింది. అక్కడున్నది గాలి పంపు ఎర్ర గొట్టం.

ఇంక ముసలావిడే, సరేలే, తిట్టేదేదో తిట్టండి అని ఒప్పుకుంది. కొన్ని నెలలుగా చూపు మసకగా ఉందట. కూతురికి తెలిస్తే తెల్లారేసరికి ఆసుపత్రిలో పడుకోబెట్టి కోయించేస్తుందని హడలి అల్లుడితో ఒట్టు వేయించుకుందట. తప్పు కళ్ళది కాదు, నీళ్ళదే అని వాదించిందట. ముందు నీళ్ళు తేటపరచు, షాపులో ఉన్న రకాలన్నీ పెట్టి చూడు, అప్పటికీ మసగ్గానే ఉంటే నీ వెంట డాక్టరు దగ్గరికి వస్తా అందట. నీ కళ్ళు పోతున్నాయని పెద్దావిడ మొహం మీద చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. వెళ్ళి డాక్టర్ని అడిగారు. చూస్తేగానీ చెప్పలేను గానీ శుక్లాలే అయుంటాయి, ఎక్కువ కాలం నాన్చకుండా నచ్చజెప్పి తీసుకురా అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ఆయన ఒక్కో రకం తెచ్చి ఒక్కో సాకు చెరిపేస్తూ వచ్చారు. షాపు వాడు ఊరికే రకాలు ఎక్కువ పెట్టాడు, అదే ఆలస్యం.

"మరి రోజూ మసగ్గా ఉన్నాయని మీరెందుకన్నారండీ?" అంది టైలరమ్మ.

"నాకని ఎప్పుడన్నాను? ఆవిడకి ఉన్నాయి కదా."

"మీ కళ్ళు పోయాయని నేను చచ్చానండీ ఇన్నాళ్ళూ."

ఆయనకు సూది, డాబా మీద బట్టలు, బస్సు అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి. నీళ్ళు బాగుంటే కళ్ళ సంగతి తేలుతుందని తల్లి అనుకుంది, కూతురూ అదే అనుకుంది, మధ్యలో చేపల ప్రాణం మీదికి వచ్చింది, మీ తల్లీకూతుళ్ళకు ఓ దణ్ణం అన్నారు. టైలరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి ఒకేసారి వచ్చాయి. వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టి రెండూ అయ్యేదాకా అలాగే ఉండిపోయింది.

డ్రైవరుగారు షాపుకు పరిగెత్తారు. షాపాయన తన సొంత తొట్టిలోంచి నల్లగా, జిగురు కారుతున్న పాత స్పాంజి ఒకటి తీసి కవరులో వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఫిల్టర్లో పెడుతుంటే టైలరమ్మ ముక్కు మూసుకుంది గానీ, ఈసారి దాన్ని ముట్టుకోలేదు. చేపలన్నీ బతికి బట్టకట్టాయి. అత్తగారు మాట మీద నిలబడింది. డాక్టరు ఒక కంటికి ఆపరేషను చేసి, రెండోది తర్వాత చూద్దామన్నాడు. రెండోది అక్కర్లేదు, ఒకటి చాలు అని ఆవిడ అక్కడే తేల్చేసింది.

కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు అందరూ గుండెలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ తొట్టి ముందు కూర్చుని చాలాసేపు చూసింది. నీళ్ళు బాగున్నాయంది. ఎర్రచేప ఇంత లావెక్కిందేమిటంది. తర్వాత మెల్లగా తల తిప్పి అల్లుణ్ణి తేరిపార చూసి, ఉలిక్కిపడింది.

"అయ్యో బాబూ, నీ జుట్టు ఇంత ఎప్పుడు నెరిసిపోయింది?"

డ్రైవరుగారు ఏమాత్రం తడుముకోలేదు.

"నెరవలేదత్తయ్యా. రెండో కంటిది మసక. దానికీ ఆపరేషను చేయిస్తే నల్లగా కనిపిస్తుంది."

ఆవిడ ఆయన మొహాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఒక కంటితోనైనా ఆయన అబద్ధమాడుతున్నాడని స్పష్టంగానే కనిపిస్తోంది. పెదవి చివర నవ్వు దాచుకుని, మరి ఎప్పుడు వెళ్దామని అడిగింది.